మిత్రుని ఇంట ఐదు రోజులు, మన వక్ఫ్ కాగితాలు

గత నవంబరులో మెల్‌బోర్న్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళుతూ మేము దంపతులం ఐదు రోజులు సింగపూర్‌లో ఆగాము. వింతలు చూడాలన్న ఉబలాటం మాకు లేదు. ఈ వయసులో ఆకాశాన్నంటే మేడలను మెడలెత్తి చూడడం కూడా శ్రమే. మేము ఆగింది ఒక పాత మిత్రుని కోసం. ఆయనా మేమూ రెవెన్యూ శాఖలో ఒకే కార్యాలయంలో, పక్కపక్క బల్లల వద్ద పంతొమ్మిదేళ్ళు గుమాస్తాలుగా పనిచేశాము. మేము భూముల సెక్షను చూసేవాళ్ళం, ఆయన రికార్డు గది చూసేవారు. ఆయన బ్రాహ్మణులు. రంజాను నెలలో మా బల్ల ముందు ఎవరైనా టీ గ్లాసు పట్టుకుని నిలబడితే మాకన్న ముందు ఆయనే కసిరేవారు. పదవీ విరమణ తర్వాత కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు చూడకపోతే మళ్ళీ చూస్తామో లేదో అన్న దిగులుతోనే ఈ మజిలీ పెట్టుకున్నాము. అయితే అక్కడ మేము చూసినదానికీ, మూడవ నాటి రాత్రి మా ఊరి నుంచి వచ్చిన ఒక ఫోనుకూ సంబంధం ఏర్పడింది. అందువల్లనే ఈ పత్రిక పాఠకుల ముందుకు ఇది రాసి తీసుకురావలసి వచ్చింది.

మిత్రుని కుటుంబం తో పాయో అనే పేటలో, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టించిన భవనంలో పదకొండవ అంతస్తులో ఉంటున్నది. సర్కారు ఇల్లు అనగానే మనకు పేదల కాలనీ గుర్తుకు వస్తుంది. అక్కడ 80 శాతానికి దగ్గరగా జనం, బడిపంతులు మొదలు ఇంజనీరు దాకా, ఇలాంటి ఇళ్ళలోనే ఉంటారు. గుమ్మంలోనే మిత్రుని భార్య మా శ్రీమతి చేతులు పట్టుకుని, "మా వంటింట్లో పప్పులూ కూరగాయలే వదినా, అనుమానం లేకుండా తినండి, అంతా హలాలే" అన్నారు. మా గదిలో ఉతికిన దుప్పటి ఒకటి మడిచి పెట్టి ఉంది. గోడకు కాగితంతో కత్తిరించిన బాణం గుర్తు అంటించి ఉంది. పడమర నుంచి కొంచెం ఉత్తరానికి. కొడుకు చేత ఫోనులో ఖిబ్లా దిశ చూపించుకుని ఆమె స్వయంగా అంటించారట. ఆ బాణాన్ని చూసి మా శ్రీమతి కొంతసేపు మాట్లాడలేదు.

మొదటి తెల్లవారుజామున మెలకువ వచ్చి అజాన్ కోసం చెవి ఒగ్గాము. ఏమీ వినబడలేదు. ఎక్కడో కింది అంతస్తులో మాత్రం ఒక రేడియో సన్నగా పలుకుతోంది. తర్వాత తెలిసింది, అది అజానే. 1970ల మధ్యలో, కొత్త పేటలు ఒకదానికొకటి ఆనుకుని లేస్తున్న కాలంలో, మస్జిదుల లౌడ్‌స్పీకర్లను బయటి వైపు కాక లోపలి వైపు తిప్పాలన్న నిర్ణయం జరిగింది. దానికి బదులుగా ఐదు పూటల అజానూ రేడియోలో ప్రసారమవుతుంది. మనవాళ్ళలో కొందరికి ఇది లొంగుబాటుగా తోచవచ్చు. నిజం చెప్పాలంటే ఆ మొదటి ఉదయం మాకూ అలాగే తోచింది. మిత్రుడు మమ్మల్ని మస్జిదు దాకా దిగబెట్టడానికి వస్తానని పట్టుబట్టి, కళ్ళు నులుముకుంటూ చెప్పులు వేసుకున్నారు.

ఆ మస్జిదు పేరు ముహాజిరీన్. దాని వెనుక ఉన్న చరిత్రను అదే అంతస్తులో నివసించే ఒక తమిళ ముస్లిం పెద్దమనిషి, విశ్రాంత ఉపాధ్యాయులు, మాకు విడమరచి చెప్పారు. ఆయన మా మిత్రునికి రోజూ సాయంకాలపు నడకలో తోడు. సింగపూర్ స్వతంత్రమైన తర్వాత పాత పల్లెలను తొలగించి ప్రజలను బహుళ అంతస్తుల పేటలకు తరలించారు. పల్లెలతో పాటు పల్లెల మస్జిదులూ పోయాయి. కొత్త పేటల్లో ఇళ్ళున్నాయి, నమాజుకు చోటు లేదు. అప్పుడు 1975లో మస్జిదు నిర్మాణ నిధి ఏర్పడింది. ప్రతి ముస్లిం ఉద్యోగి జీతంలోంచి, మన ప్రావిడెంట్ ఫండ్ వంటి ఖాతా ద్వారా, నెలకు 50 సెంట్లు. అంటే అర డాలరు. ఇష్టం లేనివారు మినహాయింపు కోరవచ్చు. ఆ అర డాలర్లతో కట్టిన మొదటి మస్జిదు 1977లో తెరిచిన ఈ ముహాజిరీన్. అనంతరం అదే నిధి నుంచి 20కి పైగా మస్జిదులు లేచాయి. 1984 నుంచి ముస్లిం విద్యార్థుల చదువు కోసం ఏర్పడిన మెందాకీ సంస్థకు కూడా అదే కోతలో వాటా కలిపారు. ఇప్పుడు జీతాన్ని బట్టి నెలకు 3 డాలర్ల నుంచి 26 డాలర్ల వరకూ కోత ఉంటుంది.

గుమాస్తా కన్ను గోడ అందాల మీదికి పోదు, గోడకు తగిలించిన కాగితాల మీదికి పోతుంది. మస్జిదు బయట ఒక అద్దాల పలకలో గత శుక్రవారం హుండీలో ఎంత పడింది, కరెంటుకు ఎంత పోయింది, మరమ్మతులకు ఎంత అయింది అన్న వివరాలున్న కాగితం కనబడింది. మేము జేబులోంచి కళ్ళజోడు తీసి రెండుసార్లు చదివాము. మొత్తాలు సరిపోయాయి. మిత్రుడు నవ్వి, "భాయ్, ఇక్కడ కూడా ఆడిట్ మొదలుపెట్టారా?" అన్నారు. మా ఊరి మస్జిదు కమిటీలో మేము పద్నాలుగేళ్ళుగా సభ్యులం. ఇలాంటి కాగితం ఒక్కటి కూడా మేము ఎప్పుడూ గోడకు అంటించలేదు.

అంతకన్న ముందు ఇళ్ళ సంగతి చెప్పాలి. ఎందుకంటే మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఒక అద్దె ఇంటి కోసం నాలుగు నెలలు తిరిగినవాడు. ఫోనులో ఇల్లు ఖాళీగా ఉంటుంది. పేరు చెప్పగానే నిండిపోతుంది. ఈ అనుభవం లేని ముస్లిం కుటుంబం మన నగరాల్లో బహుశా ఉండదు. సింగపూర్‌లో 1989 నుంచి ప్రభుత్వ ఇళ్ళకు జాతుల వారీ పరిమితి అమలవుతోంది. ఒక భవనంలో, ఒక పేటలో చీనీయులు ఇంతకు మించరాదు, మలయులు ఇంతకు మించరాదు, భారతీయులు తదితరులు ఇంతకు మించరాదు. ఫలితంగా మా మిత్రుని అంతస్తులో ఒక వైపు చీనీ దంపతులు, మరో వైపు మలయు కుటుంబం, చివర తమిళ ముస్లిం మాస్టారు. ఎవరూ ఎవరినీ పేరడిగి తలుపు వేయలేదు. భవనం కింది అంతస్తు గోడలు లేకుండా ఖాళీగా ఉంటుంది. మేమున్న ఐదు రోజుల్లోనే అక్కడ ఒక రోజు చీనీ కుటుంబంలో మరణం సంభవించి అగరుబత్తుల ధూపం నిండింది. ఆదివారం అదే చోట మలయుల వలీమా విందు జరిగింది. మాకూ ప్లేట్లు పెట్టారు.

కానీ ఈ ఏర్పాటు తీపి మాత్రమే కాదు. మిత్రుని కొడుకు ఇల్లు కొనేటప్పుడు తనకు నచ్చిన రెండు ఇళ్ళను వదులుకోవలసి వచ్చింది. ఆ భవనాల్లో భారతీయుల వాటా నిండిపోయింది. అమ్మేటప్పుడు మైనారిటీలకు ఇంకా కష్టం. చీనీయుల పరిమితి నిండిన భవనంలో మైనారిటీలు చీనీయులకు అమ్మరాదు, కొనేవారు తక్కువ గనుక ధర తగ్గుతుంది. ఇంకొకటి: జనాన్ని ఇలా సమంగా పరచడం వల్ల మలయులు ఏ నియోజకవర్గంలోనూ ఎక్కువ సంఖ్యలో ఉండరు. దానికి విరుగుడుగా 1988లో బృంద నియోజకవర్గాలు వచ్చాయి. ప్రతి బృందంలోనూ మైనారిటీ అభ్యర్థి ఒకరైనా ఉండి తీరాలి. మన చట్టసభల్లో ముస్లింల సంఖ్య ఎన్నికకు ఎన్నికకూ ఎలా ఉంటున్నదో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

రెండవ రోజు మిత్రుడు మమ్మల్ని సౌత్ బ్రిడ్జి రోడ్డుకు తీసుకువెళ్ళారు. చీనావారి పేట నడిబొడ్డు అది. ఎర్ర దీపాలు, బాతు మాంసపు దుకాణాలు, బండెడు జనం. ఆ సందడి మధ్యలో లేత ఆకుపచ్చ మినార్లతో జామియా చూలియా మస్జిదు నిలబడి ఉంది. చోళమండల తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళిన చూలియా ముస్లింలు అన్సర్ సాయిబు నాయకత్వంలో 1826లో స్థాపించినది. కొద్ది అడుగుల దూరంలోనే నారాయణ పిళ్ళె 1827లో నెలకొల్పిన మారియమ్మ గుడి. గుడి పక్క వీధి పేరు టెంపుల్ స్ట్రీట్, మస్జిదు పక్క వీధి పేరు మాస్క్ స్ట్రీట్. ఆ పేర్లు మార్చాలని ఇప్పుడు ఎవరికీ తోచడం లేదు. మేము జొహర్ నమాజుకు ఇటు వెళ్ళాము, మిత్రుడు అమ్మవారి దర్శనానికి అటు వెళ్ళారు. మళ్ళీ ఫుట్‌పాత్ మీద కలుసుకున్నప్పుడు ఆయన నుదుట విభూతి ఉంది, మా గడ్డం వజూ నీళ్ళతో తడిగా ఉంది. మాస్టారు మా ఇద్దరికీ ఫోటో తీశారు.

అక్కడి నుంచి కంపుంగ్ గ్లామ్ పేటకు వెళ్ళాము. బంగారు గుమ్మటాల సుల్తాన్ మస్జిదు అక్కడిదే. మొదట 1820లలో సుల్తాన్ హుసేన్ షా కాలంలో కట్టిన మస్జిదు పాతబడగా, ఇప్పుడున్న కట్టడం 1932లో పూర్తయింది. దూరం నుంచి చూస్తే గుమ్మటం అడుగున నల్లని పట్టీ ఒకటి కనబడుతుంది. మేము అది రాతి నగిషీ అనుకున్నాము. మాస్టారు దగ్గరికి తీసుకువెళ్ళి చూపించారు. అవి గాజు సీసాల అడుగులు. మస్జిదు కట్టే రోజుల్లో చందా ఇచ్చుకోలేని పేద ముస్లింలు వాడిపారేసిన సీసాలు ఏరి తెచ్చి ఇచ్చారు. ధనికుల బంగారు గుమ్మటం కింద ఆ సీసాలను వరుసగా పొదిగారు. ఎవరి వాటా లేకుండా మస్జిదు లేవకూడదన్నది ఆనాటి పెద్దల ఆలోచన. ఎదురుగా ఉన్న జంజం హోటలును 1908లో కేరళ నుంచి వలస వచ్చిన ఒకాయన మొదలుపెట్టారు. అక్కడ ముర్తబాక్ తిన్నాము. ఖీమా కూరిన మందపాటి పరాఠా అనుకోండి. మిత్రుడు మా ఎదుట కూర్చుని పాల టీ తాగుతూ, ఎవరైనా తెలిసినవారు చూస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ నవ్వారు.

మూడవ నాటి రాత్రి భోజనాల వేళ మా ఊరి నుంచి ఫోను వచ్చింది. మస్జిదు కమిటీలో ఉన్న కుర్రవాడు. గొంతులో ఆందోళన.

"చాచా, ఉమీద్ పోర్టల్‌లో మన ఆస్తి ఎక్కడం లేదు. గెజిట్ వివరం, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు అడుగుతోంది. మన బీరువాలో పాత రసీదు పుస్తకాలు తప్ప ఏమీ లేవు. గడువు డిసెంబరు మొదటి వారం దాకే."

విషయం పాఠకులకు తెలిసినదే. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. వాడుక వల్ల వక్ఫ్ అయ్యే పద్ధతిని తీసివేసింది. జూన్ 6న పోర్టల్ తెరిచి ఆరు నెలల్లో వక్ఫ్ ఆస్తులన్నీ ఎక్కించాలన్నారు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలు నిలిచిపోయాయి. వక్ఫ్ చేయాలంటే ఐదేళ్ళు ముస్లింగా ఉన్నట్లు చూపాలన్నది ఆగింది. సర్కారు భూమి అన్న వివాదంలో అధికారి విచారణతోనే వక్ఫ్ హోదా పోయే వీలు కూడా ఆగింది. నమోదు మాత్రం ఆగలేదు. మేము ఈ చట్టాన్ని సమర్థించడం లేదు. వందల ఏళ్ళ నాటి ఖబరస్తాన్‌కు దస్తావేజు తెమ్మనడం తాత పుట్టిన తేదీకి సర్టిఫికెట్ తెమ్మనడం వంటిది. దీనికి వ్యతిరేకంగా జరిగిన సభల్లో మేమూ కూర్చున్నాము, నినాదాలు చేశాము. కానీ ఆ రాత్రి పదకొండవ అంతస్తులో ఫోను పట్టుకుని మేము సిగ్గుపడిన మాట కూడా రాయకుండా ఉండలేము. ముప్పై నాలుగేళ్ళు భూమి రికార్డుల మధ్య బతికిన మనిషి కమిటీలో ఉండగా, ఆ మస్జిదు బీరువాలో సొంత భూమికి ఒక్క నకలు లేదు.

మిత్రుడు అన్నం ముందు నుంచి లేచారు. "అది మస్జిదు సర్వీసు ఇనాం కదా భాయ్? ఇనాం రద్దు కేసుల కట్టల్లో ఉంటుంది. ఉత్తరపు గోడ బీరువా, పై నుంచి మూడో అర. సంస్థ పేరనే పట్టా ఇమ్మన్న ఆర్డరు నకలు నేనే రాశాను. గెజిట్ పుటకు అడ్డంగా నీలం పెన్సిలుతో గీత కూడా గీశాను" అన్నారు. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద జరిగిన విచారణ అది. అప్పటికి మేమిద్దరం పుట్టనైనా లేదు. పాత కాగితాలు చిరిగిపోతుంటే ఎనభైలలో నకళ్ళు తీసే పని ఆయనకు అప్పగించారు. ఆ రాత్రి ఆ వంటింటి బల్ల మీద ఇద్దరు పింఛనుదారులం కుర్రవాడితో వీడియోలో మాట్లాడుతూ, ఏ దరఖాస్తు పెట్టాలి, ఏ రిజిస్టరు పేరు రాయాలి, నకలుకు ఎంత చలాను కట్టాలి అన్నది వాక్యం వాక్యంగా చెప్పించి రాయించాము. మిత్రుని మనవడు ఒకసారి తొంగి చూసి, తాతయ్య ఇంత గట్టిగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదని చెప్పి వెళ్ళాడు.

నాలుగు రోజుల తర్వాత, మేము మెల్‌బోర్న్ చేరాక, నకలు దొరికిందని కబురు వచ్చింది. మూడో అర కాదు, నాలుగో అర. నీలం గీత ఉంది. రికార్డులో ఉన్నది 3 ఎకరాల 80 సెంట్లు. నేల మీద మస్జిదు చేతిలో ఉన్నది ఎకరం పైచిలుకు.

మిగిలినది ఎక్కడికి పోయింది? కొంత పరాయివారు దున్నుకున్నారు, కొంత రోడ్డులో కలిసింది. అంతవరకూ మనం బహిరంగంగా మాట్లాడుకుంటాము. మాట్లాడుకోనిది ఒకటుంది. మస్జిదు ముందున్న ఆరు దుకాణాలు మన సమాజంలోని ఒక పెద్దమనిషి చేతిలో నెలకు 150 రూపాయల అద్దెకు ఏళ్ళ తరబడి ఉన్నాయి. వాటిని ఆయన ఒక్కొక్కటి ఆరేడు వేలకు తిరిగి అద్దెకిచ్చుకుంటున్నారు. లీజును బహిరంగంగా వేలం వేయాలన్న నియమం ఉంది. పాత అద్దెకే పొడిగిస్తూ చేసిన తీర్మానం కింద ఐదు సంతకాలున్నాయి. నాలుగవది మాది. ఆయన ఈద్‌కు అందరినీ ఆలింగనం చేసుకునే మనిషి, మా అమ్మాయి నికాహ్‌కు సాక్షి. మేము కాదనలేకపోయాము. వక్ఫ్ భూమిని సర్కారు లాక్కుంటున్నదని వీధిలో నినాదం చేసిన మేము, అదే వక్ఫ్ రాబడి మన కళ్ళెదుట కారిపోతుంటే కలం తీసి సంతకం పెట్టాము. ఈ చట్టాన్ని తెచ్చినవారికి మన వంటి సంతకాలే వాదనగా పనికివచ్చాయి. కోర్టులో మన హక్కు కోసం పోరాడడం, మన కమిటీల్లో మన లెక్క అడగడం రెండూ ఒకే పని అని మాకు నమ్మకం కుదిరింది. మొదటిది చేసి రెండవది వదిలేస్తే మొదటిది కూడా నిలవదు.

నాలుగవ రోజు ఈ మాటే మాస్టారుతో అంటే, ఆయన మమ్మల్ని బెన్‌కూలన్ వీధికి తీసుకువెళ్ళారు. అక్కడ ఒక పాత చిన్న మస్జిదు ఉండేది. దాని చుట్టూ ఉన్న వక్ఫ్ స్థలం నగరం నడిబొడ్డున ఉండి కూడా పెద్దగా రాబడి ఇచ్చేది కాదు. 1966 చట్టం ప్రకారం అక్కడి వక్ఫ్‌లన్నీ ముయిస్ అనే ఇస్లామీయ మండలికి దఖలు పడతాయి. ముతవల్లీలు ఉన్నచోట వారు మండలికి లెక్కలు అప్పగించాలి. ఆ మండలి వడ్డీ లేని ముషారకా పద్ధతిలో, సుకూక్ పత్రాల ద్వారా పెట్టుబడి సేకరించి, అదే స్థలంలో కొత్త మస్జిదుతో పాటు అద్దె గదుల భవనం కట్టించింది. భూమి అమ్మలేదు. ఆ అద్దెలతో వక్ఫ్ రాబడి పెరిగింది. మేము ఆ భవనాన్ని చాలాసేపు చూశాము. మన హైదరాబాదులో, విజయవాడలో, కడపలో, గుంటూరులో నడిబజారున ఉన్న వక్ఫ్ స్థలాలు కళ్ళముందు తిరిగాయి.

ఇంత చెప్పి సింగపూర్‌ను స్వర్గమని చిత్రిస్తే అది అబద్ధమవుతుంది. అక్కడి మస్జిదుల్లో శుక్రవారం ఖుత్బా ముయిస్ రాసి పంపుతుంది. ముయిస్ అధ్యక్షుని నియామకంలోనూ, ముఫ్తీ నియామకంలోనూ ప్రభుత్వం చేయి ఉంటుంది. 2017 నుంచి మతబోధ చేసేవారందరూ నమోదు చేసుకుని తీరాలి. నిరసన తెలపాలంటే హాంగ్ లిమ్ పార్కులో ఒక మూల తప్ప దాదాపు మరో చోటు లేదు. పట్నాభివృద్ధి పేరుతో అక్కడా వక్ఫ్ భూములు సర్కారు సేకరణలోకి వెళ్ళాయి. హలీమా యాకూబ్ 2017లో దేశాధ్యక్షురాలై తలపై తుదుంగ్‌తోనే ఆరేళ్ళు ఆ పీఠం మీద ఉన్నారు. అదే తుదుంగ్ ధరించి సర్కారు ఆసుపత్రిలో నర్సు పనిచేయడానికి 2021 నవంబరు దాకా అనుమతి లేదు. మా శ్రీమతి ఈ మాట విని, "రాణికి చెల్లింది దాసికి చెల్లదా?" అన్నది. మాస్టారు నవ్వలేదు. వారి కోడలు నర్సు. పన్నెండేళ్ళు ఆసుపత్రి గేటు దగ్గర తల గుడ్డ తీసి సంచిలో పెట్టుకున్న మనిషి. అక్కడి ముస్లింలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా, మొండిగా అడుగుతూ వచ్చారు. వీధిలో నిలబడి అడిగే హక్కు మనకున్నంత వారికి లేదు. అందుకని ఆ దేశపు సర్కారు నియంత్రణ మనకు కావాలని ఎవరైనా ఈ వ్యాసంలోంచి అర్థం తీస్తే మేము ఒప్పుకోము. మనకు కావలసింది ఆ గోడ మీది కాగితం. దానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు.

ఆదివారం సాయంకాలం వలీమా విందు తర్వాత లిటిల్ ఇండియాకు వెళ్ళాము. డన్‌లప్ వీధిలో అబ్దుల్ గఫూర్ మస్జిదు ద్వారం పైన సూర్యుని ఆకారంలో ఇరవై ఐదు కిరణాలున్నాయి. ఒక్కొక్క కిరణం మీద ఒక ప్రవక్త పేరు. దాని అందం గురించి వేరే రాయవచ్చు. మా మనసు మాత్రం వీధుల్లో కూర్చున్న కూలీల మీదికే పోయింది. తమిళనాడు, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన వేలమంది యువకులు వారానికొక సెలవు రోజున అక్కడ గడ్డి మీద, కాలిబాట మీద కూర్చుని ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. ఆ గుంపులో ఒక తెలుగు గొంతు వినబడి ఆగాము. శ్రీకాకుళం వైపు కుర్రవాడు, వెల్డరు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా ఏడాది తీరాలట. పనికి లారీ వెనుక కూర్చోబెట్టి తీసుకువెళతారట. మమ్మల్ని చూసి, "సాయిబు గారూ, మీది మనవైపేనా?" అని అడిగి, ఏ ఊరో తెలుసుకుని, మా శ్రీమతి చేతిలోని సంచి లాక్కుని రైలు స్టేషను దాకా మోశాడు. అతడు ఏ మతంవాడో మేము అడగలేదు. ఆ నగరం సందడి అంతా ఎవరి భుజాల మీద నడుస్తున్నదో ఆ కొద్ది దూరంలో తెలిసింది.

విమానాశ్రయంలో మిత్రుడు మా చేతిలో ఒక కవరు పెట్టారు. మస్జిదు నకలు ఖర్చులకని యాభై డాలర్లు. వద్దంటే, "సీసాలు ఏరి ఇవ్వలేను కదా భాయ్" అన్నారు.

జనవరిలో ఇల్లు చేరాము. మొదటి జుమా రోజున మా మస్జిదు గోడకు ఒక తెల్లకాగితం అంటించాము: ఆ నెల రాబడి, ఖర్చు, దుకాణాల అద్దె, మిత్రుని యాభై డాలర్లను రూపాయల్లోకి మార్చగా వచ్చిన మొత్తం. అసర్ నమాజుకు వచ్చేసరికి ఎవరో చించివేశారు. మళ్ళీ అంటించాము. రెండవసారి చిరగలేదు, కానీ దుకాణాల అద్దె వరుస మీద ఎవరో పెన్నుతో కొట్టివేశారు. పాత తీర్మానం మీద మా సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నామనీ, లీజుకు నియమం ప్రకారం వేలం జరపాలనీ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాము. పెద్దమనిషి మాతో సలాం మానేశారు. కమిటీ సమావేశం వచ్చే ఆదివారం ఇషా నమాజు తర్వాత. పాత సంతకాలు చేసిన ఐదుగురిలో ఇద్దరు వస్తామన్నారు. కుర్రవాళ్ళు పది మంది వస్తున్నారు.